మేడ్చల్, శామీర్‌పేట చెరువుల్లో టాప్‌వాటర్ లూర్లు

నీటి మీద తేలుతూ, లాగినప్పుడు చప్పుడో అలజడో చేసి, కింద పొంచి ఉన్న వేటచేపను పైకి రప్పించే కృత్రిమ ఎరను టాప్‌వాటర్ లూర్ అంటారు. అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కోసం తయారైన సరంజామా ఇది. హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట చెరువుల్లో బాస్ లేదు. ఆ స్థానంలో ఉన్నది కొర్రమీను. గాలం సరదా ఉన్నవాళ్లు ఇక్కడ టాప్‌వాటర్ లూర్ వేసేది దాని కోసమే. రెండూ నాచు చాటున మాటువేసి దెబ్బతీసే చేపలే, రెండూ కప్పలను తింటాయి. అందువల్ల బాస్ లూర్ కొర్రమీనుకూ పనికొస్తుంది. అయితే బాస్ కోసం రాసిన ఎంపిక సూత్రాల్లో సగం మాత్రమే ఇక్కడ చెల్లుతాయి. ఆ తేడాకు మూలం చేప ఊపిరి తీసుకునే తీరులో ఉంది.

చెరువులు

శామీర్‌పేట పెద్ద చెరువు సికింద్రాబాద్‌కు సుమారు 24 కిలోమీటర్ల దూరంలో, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి పక్కన ఉంది. నిజాం కాలం నాటిది. దానికి దగ్గరలోనే జవహర్ జింకల పార్కు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. మేడ్చల్ పట్టణం నాగపూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి ఈ రెండూ వచ్చాయి. రెండు రహదారుల నడుమా చుట్టుపక్కలా చిన్నా పెద్దా చెరువులు, కుంటలు చాలా ఉన్నాయి.

ఇవి నల్లరాతి గుట్టల మధ్య వాననీటిని కట్టవేసి ఆపిన దక్కన్ చెరువులు. ఒక వైపు మట్టికట్ట, దానికి తూము, ఓ మూల మత్తడి, ఎగువన పల్చగా పరుచుకున్న శిఖం భూమి. గాలమేసేవాడికి ఈ నిర్మాణమే మ్యాపు. కట్ట దగ్గర లోతు ఎక్కువ, నీరు తేటగా, ఖాళీగా ఉంటుంది. శిఖం వైపు మోకాలి లోతు నీళ్లు, తుంగ, జమ్ము, తామరాకులు, వాటి మధ్య కొర్రమీను. మురుగు కలిసే చెరువుల్లో గుర్రపుడెక్క, అంతరతామర దట్టంగా అల్లుకుని నీరు కనబడనివ్వవు. ఊరు పెరిగేకొద్దీ ఈ రెండో రకం చెరువులే ఎక్కువవుతున్నాయి. లూర్ ఎంపికలో కలుపును ముందు లెక్కలోకి తీసుకోవాల్సి రావడానికి కారణం ఇదే.

కొర్రమీను

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. కొర్రమట్ట అని కూడా అంటారు. శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా. 1793లో బ్లాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. దీని బంధువుల్లో మట్టగిడస చిన్నది, జానెడు పొడవుకు కాస్త అటూ ఇటూ పెరుగుతుంది. మీటరు దాటి పెరగగల పూమీను మరొకటి, తోక మొదట్లో నల్లటి కంటిచుక్క దాని గుర్తు. పాములాంటి తల, ఒళ్లంతా పొలుసులు, నోట్లో నిజమైన కోరపళ్లు ఈ కుటుంబం లక్షణాలు.

అన్నిటికన్నా ముఖ్యమైన లక్షణం వేరే ఉంది. కొర్రమీనుకు మొప్పలు చాలవు. వాటి పైన ఉన్న గాలి గది సాయంతో అది నేరుగా గాలి పీలుస్తుంది. పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చనిపోతుంది. కాబట్టి ప్రతి కొర్రమీనూ రోజంతా మళ్లీ మళ్లీ పైకి వచ్చి గుటక వేయక తప్పదు. బాస్‌కు ఆ అవసరం లేదు. ఎండ ముదిరి నీరు వేడెక్కితే అది లోతుకు దిగిపోతుంది. అందుకే అమెరికన్ పుస్తకాలు తెల్లవారుజామున, సందెవేళ మాత్రమే టాప్‌వాటర్ వేయమంటాయి. మన చెరువుల్లో మే నెల మిట్టమధ్యాహ్నం, వేడెక్కిన నీళ్లలో మిగతా చేపలు డీలాపడినప్పుడు కూడా కొర్రమీను పైపొరలోనే ఉంటుంది. పొద్దున, సాయంత్రం దెబ్బలు ఎక్కువ పడతాయన్నది నిజమే. మధ్యాహ్నం వృథా అన్నది మాత్రం ఇక్కడ వర్తించదు.

నీటి వేడి గురించిన సూత్రమూ అంతే. బాస్ పైకి రావాలంటే నీరు సుమారు 15 డిగ్రీల సెల్సియస్ దాటాలని చెబుతారు. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో చలికాలంలోనూ నీరు అంతకంటే వెచ్చగానే ఉంటుంది. థర్మామీటరు ఇంట్లో పెట్టి రావచ్చు.

చేపల విత్తనంగా చెరువుల్లో వదిలే బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ లూర్ ముఖం కూడా చూడవు. జిలేబీ చేప ఎప్పుడో పొరపాటున తగులుతుంది. కొర్రమీనును పనిగట్టుకుని వదలకపోయినా వానాకాలం కాలువల వెంట, తడి పొలాల మీదుగా పాకుతూ తనే చెరువు చేరుతుంది. ప్రాణంతో అమ్ముడయ్యే ఈ చేపకు బజార్లో బొచ్చె, రవ్వల కంటే ఎన్నో రెట్లు గిరాకీ. మృగశిర కార్తెనాడు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదంలో మింగించేదీ కొర్రమీను పిల్లనే.

లూర్ల పుట్టుక

కొర్రమీనుకు కప్పను ఎరగా కట్టడం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. చిన్న కప్పను గాలానికి గుచ్చి, పొడవాటి వెదురు కర్రతో తామరాకుల మీద ఆడిస్తూ పోతారు. మద్రాసు ప్రెసిడెన్సీలో సివిల్ అధికారిగా పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ దక్షిణాది వేట మీద 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో ప్రత్యేకంగా చెరువుల గురించి ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకాలు రాశాడు. ఎంత పాతదైనా ప్రాణమున్న కప్పను గుచ్చడం ఇప్పుడు మానేయవలసిన పద్ధతి. కప్పల సంఖ్య పడిపోవడంతో 1987లో కప్పకాళ్ల ఎగుమతినే భారత్ నిషేధించింది. ఒక రబ్బరు కప్ప ఎన్నో బతికున్న కప్పల పని చేస్తుంది.

రబ్బరు కప్ప వంశవృక్షం మిషిగన్ రాష్ట్రంలోని డోవజియాక్ అనే ఊళ్లో మొదలవుతుంది. అక్కడ జేమ్స్ హెడ్డన్ 1890లలో కర్రతో కప్పబొమ్మలు చెక్కి బాస్ మీదికి విసిరాడు, తర్వాత తన పేరుతోనే కంపెనీ పెట్టాడు. ముందు వెడల్పాటి లోహపు పెదవితో ఒళ్లు ఊపుతూ గుడగుడమని వచ్చే జిట్టర్‌బగ్‌ను ఫ్రెడ్ అర్బోగాస్ట్ 1938లో తెచ్చాడు. మన చెరువులకు అసలు ఉపకారం చేసింది మాత్రం ఒహాయోకు చెందిన హ్యారీ ఎలర్స్. అతను 1957లో స్నాగ్ ప్రూఫ్ పేరుతో లోపల బోలుగా, పైన మెత్తగా ఉండే కప్పను అమ్మకానికి పెట్టాడు. కొక్కేలు పైకి తిరిగి ఒంటికి అతుక్కుని ఉంటాయి. కలుపు మీదుగా లాగితే చిక్కుకోదు. చేప కొరికినప్పుడు మెత్తటి ఒళ్లు అణిగి కొక్కెం బయటపడుతుంది. తర్వాత వచ్చిన ఏ కొత్త నమూనా అయినా ఈ ఆలోచనకు మెరుగే.

తాయ్‌లాండ్, మలేషియాల్లో కొర్రమీను జాతి చేపల వేట పెద్ద సరదా. అక్కడి తయారీదార్లు బాస్ కప్పను తమ చేపకు తగినట్టు కుదించారు. వాళ్ల జంప్ ఫ్రాగ్ 4 నుంచి 5 సెంటీమీటర్ల పొడవు, పొట్టి ఒళ్లు, వెనక గిరగిర తిరిగే చిన్న రేకు. మన దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఇప్పుడు ఎక్కువగా దొరికేవి ఈ తరహావే.

ఎంపిక

చాలామంది ముందు రంగు చూస్తారు. ఆ చూపు చివర్లో ఉండాలి. ముందు నీటి ముఖం చూడాలి, తర్వాత చేప పరిమాణం, ఆ తర్వాత గాలి, వెలుతురు.

నీటి ముఖం పూర్తిగా కలుపుతో కప్పి ఉంటే వేరే ప్రశ్నే లేదు, బోలు కప్ప ఒక్కటే. బయటకు వేలాడే మూడుముళ్ల కొక్కెం ఉన్న ఏ లూర్ అయినా రెండో విసురుకే గుర్రపుడెక్క వేళ్లను ఒడ్డుకు లాక్కొస్తుంది. దట్టమైన కలుపులో తేలికపాటి కప్ప కూడా దండగే. అది ఆకుల మీద జారిపోతుంది తప్ప కింద ఉన్న చేపకు దాని ఉనికి తెలియదు. 15 గ్రాములకు పైన బరువున్న, వెనక భాగంలో సీసం ఉన్న కప్ప ఆకులను నొక్కుకుంటూ వస్తుంది. తోక కిందికి, ముక్కు పైకి నిలుస్తుంది. ఆకుల మధ్య అరచేయంత ఖాళీ నీరు కనిపించిన చోటల్లా దాన్ని ఆపాలి. దెబ్బ పడేది అక్కడే.

తామరాకులు, కలువలు విడివిడిగా ఉన్న శిఖం అంచులు ఈ ప్రాంతంలో మంచి చోట్లు. ఇక్కడ 8 నుంచి 12 గ్రాముల జంప్ ఫ్రాగ్ బాగా పనిచేస్తుంది. మన కుంటల్లో నీటి మీద గంతులు వేస్తూ పరుగెత్తే చిన్న కప్ప ఒకటుంది, బెదిరితే మునగకుండా నీటి పైపొర మీదే చకచకా దూకిపోతుంది. మేడ్చల్ చెరువుల్లో కొర్రమీను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది ఆ కదలికనే. కాబట్టి లూర్‌ను ఒక్క వేగంతో, ఆగకుండా, చిన్నచిన్న కుదుపులతో లాగడమే సహజంగా ఉంటుంది. బాస్ వేటలో చెప్పే దీర్ఘమైన విరామాలు ఇక్కడ తరచు పని చెడగొడతాయి. బాస్ నిలిచిన ఎర కింద చేరి ఎంతసేపైనా తేరిపార చూస్తుంది. కొర్రమీను పారిపోతున్నదాన్ని తరుముతుంది.

కట్ట వెంబడి ఖాళీ నీళ్లలో కథ వేరు. అక్కడ పాపర్ వేయొచ్చు. దాని గుంట మూతి లాగినప్పుడల్లా నీటిని గుప్పున చిమ్ముతుంది. రెండు పక్కలకూ ముక్కు తిప్పుకుంటూ నడిచే పొడవాటి లూర్లు, వెనక ఫ్యాను తిరిగేవి కూడా ఇక్కడే. శామీర్‌పేట చెరువు విశాలమైనది. మధ్యాహ్నం గాలి లేచిందంటే నీటి మీద అలలు చిన్నపాటి లూర్ చప్పుడును మింగేస్తాయి. అప్పుడు పెద్ద పాపరో, గట్టి చప్పుడు చేసే బజ్‌బెయిటో కావాలి, లేదా గాలి తగలని ఒడ్డుకు మారాలి. మారడమే మేలు. ఈ ఖాళీ నీటి లూర్లు చూడ్డానికి అందంగా ఉంటాయి, విసరడానికి హాయిగా ఉంటాయి. కానీ ఈ ప్రాంతంలో కొర్రమీను ఖాళీ నీటిలో ఉండే సమయం తక్కువ. నాలుగు పాపర్లు కొనే డబ్బుతో రెండు మంచి కప్పలు కొనడం నయం.

పరిమాణం విషయంలో బాస్ దుకాణాన్ని నమ్మకూడదు. అక్కడి మామూలు కప్ప ఆరున్నర సెంటీమీటర్లుంటుంది, నోరు బానలా తెరిచే బాస్‌కు అది సరైన కొలత. బాస్ నోరు తెరవగానే నీటితోపాటు ఎరను లోపలికి పీల్చేస్తుంది. కొర్రమీను కొరికి పట్టుకుంటుంది. మన చెరువుల్లో మామూలుగా తగిలే అరకిలో, కిలో చేప పెద్ద కప్పను కాలు పట్టి వదిలేస్తుంది. అందుకే నాలుగైదు సెంటీమీటర్లది మేలు. మట్టగిడసలు ఎక్కువగా ఉన్న కుంటల్లో మూడు సెంటీమీటర్లదీ పెద్దదే అవుతుంది. పొడవాటి రబ్బరు కాళ్లు సగానికి కత్తిరించడం అనుభవం ఉన్నవాళ్లు చేసే మొదటి పని.

కోరపళ్ల వల్ల ఇంకో తేడా ఉంది. బాస్ పళ్లు ఉప్పుకాగితంలా గరుకు, అంతే. కొర్రమీను కాట్లకు బోలు కప్ప ఒంటికి చిల్లులు పడి నీరు దిగుతుంది. బరువెక్కిన కప్ప మునుగుతుంది. ప్రతి కొన్ని విసుర్లకూ పిండి నీరు తీసేయాలి, చిల్లుకు జిగురు చుక్క వేయాలి. ఈ బాధ పడలేనివాళ్లు గట్టి ప్లాస్టిక్ ఒంటి కప్పను వాడతారు. అది ఏళ్ల తరబడి మన్నుతుంది. కాకపోతే చేప నోట్లో అణగదు కాబట్టి తప్పిపోయే చేపలు కొంచెం ఎక్కువ.

ఇక రంగు. కింద నుంచి చూసే చేపకు ఆకాశం నేపథ్యంలో లూర్ నీడలాగే కనబడుతుంది. తెల్లవారకముందు, మబ్బుపట్టినప్పుడు, బురదనీటిలో నలుపు స్పష్టంగా ఆనుతుంది. ఎండలో, తేటనీటిలో పొట్ట తెలుపో పసుపో ఉన్నది చాలు. వీపు మీది మచ్చలు, మెరుపులు, బొమ్మకళ్లు కొనేవాడి కోసం వేసినవి. పైభాగం మీద పసుపు చుక్క ఒకటి ఉంటే దూరం నుంచి మనకు కనబడుతుంది, దాని ప్రయోజనం అంతవరకే.

కర్ర, దారం గురించి క్లుప్తంగా. ఆరున్నర నుంచి ఏడడుగుల గట్టి రాడ్, 40 నుంచి 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన) దారం ఉండాలి. చేప చిన్నదే, దాంతోపాటు వచ్చే కలుపు మూట పెద్దది. సాగే నైలాన్ దారంతో కలుపులో కొక్కెం దిగదు. దెబ్బ పడగానే రాడ్ ఎత్తడం కొత్తవాళ్ల అలవాటు. నీరు పేలిన చప్పుడుకు చేతులు వాటంతటవే లేస్తాయి. దారం బిగిసి చేప బరువు తెలిసేదాకా, అంటే ఒక క్షణమో రెండు క్షణాలో ఆగి, అప్పుడు గట్టిగా లాగాలి. లూర్ ఎంత మంచిదైనా ఈ ఓపిక లేకపోతే ఖాళీ కప్పే ఎగిరి ముఖం మీదికొస్తుంది. కొక్కెపు ముళ్లను ముందే పటకారుతో నొక్కేయడం అన్ని విధాలా క్షేమం.

గుటక వేసిన చోటు కనిపిస్తే నేరుగా దాని మీదికి విసరకూడదు. రెండు మూడు మీటర్లు దాటించి వేసి, చేప దారికి అడ్డంగా లాక్కురావాలి. నెత్తిన పడ్డ కప్పను చూసి కొర్రమీను బెదిరి కిందికి పోతుంది, మళ్లీ గుటకకు వచ్చేదాకా ఎదురుచూడాలి.

కాలం

నైరుతి వానలకు చెరువులోకి కొత్తనీరు వచ్చి శిఖం మునిగినప్పుడు కొర్రమీను పల్లపు గడ్డిలోకి ఎక్కి గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి మీద తేలతాయి. పిల్లలు ఎర్రటి ముద్దలా గుంపుకట్టి తిరుగుతుంటే తల్లీ తండ్రీ కింద కాపలా కాస్తాయి. ఆ గుంపు మీదుగా ఏ లూర్ పోయినా దెబ్బ ఖాయం, ఎందుకంటే అవి ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి కొడతాయి. ఇది వేట కిందికి రాదు. పెద్దచేపను తీసేస్తే కాసేపట్లో మిగతా చేపలు ఆ పిల్లలన్నిటినీ తినేస్తాయి. ఎర్ర గుంపు కనబడితే లూర్ చుట్టేసుకుని పక్కకు జరగడమే పద్ధతి.

వానలు తగ్గి నీరు తేరుకున్నాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మంచి కాలం. కలుపు పూర్తి ఎదుగుదలలో ఉంటుంది, బోలు కప్పకు అనువైన సమయం. ఫిబ్రవరి తర్వాత నీరు తగ్గి శిఖం ఎండుతుంది. చేపలు కట్ట వైపు, తూము గుంతల్లోకి చేరతాయి. పాపర్లకు ఏడాదిలో దక్కే అవకాశం ఈ రెండు మూడు నెలలే.

బయటి ప్రపంచం

అమెరికన్ లూర్ మన చేపను వెతుక్కుంటూ రావడమే కాదు, మన చేప కూడా ఆ లూర్ ఉన్నచోటికి వెళ్లింది. 2000లో ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీ నీళ్లలో పూమీను బయటపడింది. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో చైనా జాతి కొర్రమీను కనబడి దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ ఏడాదే ఈ కుటుంబపు చేపలను ప్రాణంతో దిగుమతి చేయడం, రాష్ట్రాల మధ్య తరలించడం అక్కడి ఫెడరల్ ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు అక్కడి బాస్ వేటగాళ్లు అవే బోలు కప్పలతో వాటిని పడుతున్నారు. టెక్సస్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు లేక్ ఫోర్క్ వంటి బాస్ చెరువులు అందుబాటులో ఉన్నాయి. బాస్‌లో ప్రపంచ రికార్డు బరువు పది కిలోల పైచిలుకు. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన చేపకు 2009లో జపాన్‌లోని బీవా సరస్సులో మనాబు కురిటా పట్టినది సరిసమానమైంది.

హక్కులు, మర్యాద

తెలంగాణ చెరువుల్లో చేపల మీద హక్కు స్థానిక మత్స్యకారుల సహకార సంఘాలది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు వీటిలో ఎక్కువ. 2016-17 నుంచి ప్రభుత్వం ఈ చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం మొదలుపెట్టింది. లూర్‌కు ఆ పిల్లలు పడవు కదా అని వాదించే హక్కు గాలమేసేవాడికి లేదు, కొర్రమీనుకూ అదే సంఘం యజమాని. సంఘం పెద్దను కలిసి అడిగి వేయడం, పట్టిన చేపను వదిలేస్తారా తీసుకెళ్తారా అన్నది ముందే తేల్చుకోవడం మంచిది. వల కట్టి ఉన్న చోట లూర్ వేయకూడదు. కప్ప కొక్కేలు వలను చీల్చేస్తాయి, దాని ఖరీదు చేప ఖరీదుకు ఎన్నో రెట్లు.

తెగిన బ్రెయిడ్ దారం నీటిలో కుళ్లిపోదు. అది కాళ్లకు చుట్టుకుని నీటికాకులు, కొంగలు చస్తాయి. విసిరిన దారంలో ఎంత తిరిగి వస్తే అంత ఒడ్డుకు లాగి, సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లండి.